లెక్కపెట్టారు సరే, చదివారా?



ఈ పూట మీకు ఒక గణిత శాస్త్రజ్ఞుణ్ణి పరిచయం చేస్తాను. పేరు లారీ రిచర్డ్‌సన్. 2024లో కొన్నాళ్ళపాటు గూగుల్ స్కాలర్‌లో ఈ పేరు కొడితే 12 పరిశోధన పేపర్లు కనిపించేవి. వాటిని ఇతరులు తమ పేపర్లలో 130కి పైగా సార్లు ప్రస్తావించినట్టు లెక్క కూడా కనిపించేది. మన విశ్వవిద్యాలయాల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన అధ్యాపకులు చాలామందికి అంత లెక్క ఉండదు. చూసి కాస్త అసూయపడాల్సిన మనిషే.

అయితే లారీ మనిషి కాదు. పిల్లి.

వేళాకోళం కాదండి, నిజంగానే పిల్లి. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న రీస్ రిచర్డ్‌సన్ అనే యువకుడి కుటుంబం పెంచుకుంటున్న పిల్లి. రీస్, ఆయన మిత్రుడు నిక్ వైజ్ కలిసి ఈ పిల్లిని శాస్త్రవేత్తను చేశారు. డబ్బు కడితే మీ సైటేషన్లు పెంచిపెడతాం అనే ప్రకటన ఒకటి వాళ్ళ కంట పడింది. సైటేషన్ అంటే, ఒక పరిశోధకుడు తన పేపరులో ఫలానావారి పని నాకు ఉపయోగపడింది అని పేరు చెప్పడం. ఆ ప్రకటనకు డబ్బు కట్టినవాళ్ళు ఎవరా అని వీళ్ళిద్దరూ ఆరా తీశారు. వాళ్ళను ప్రస్తావించిన పేపర్లు తెరిచి చూశారు. లోపల ఉన్నది గణితంలా కనిపించే చెత్త. కంప్యూటర్ ప్రోగ్రామ్ అల్లిపోసిన సూత్రాలు, సిద్ధాంతాలు. ఒక వాక్యానికీ ఇంకో వాక్యానికీ పొంతన లేదు.

సరే, మనమూ అదే చేద్దాం అనుకున్నారు. లారీ పేరు మీద 12 చెత్త పేపర్లు తయారుచేశారు. వేరే పేర్లతో ఇంకో 12 తయారుచేశారు. ఈ రెండో డజనులో ప్రతి పేపరూ లారీ పేపర్లన్నిటినీ ప్రస్తావిస్తుంది. అన్నీ ఇంటర్నెట్‌లో పెట్టారు. గూగుల్ యంత్రం వచ్చింది, చూసింది, లెక్క రాసుకుపోయింది. ఆ తర్వాత పేపర్లు తీసేశారు. లెక్క మాత్రం నిలిచిపోయింది. విషయం బయటపడ్డాకగానీ ఆ అంకెలు మాయం కాలేదు.

ఆ పేపర్లలో ఏ ఒక్కటైనా ఒక ఎమ్మెస్సీ విద్యార్థి తెరిచి చదివి ఉంటే, టీ చల్లారేలోపు పట్టుబడేది. ఎవరూ చదవలేదు. యంత్రం లెక్కపెట్టింది. ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి. ఎవరూ చదవలేదు, యంత్రం లెక్కపెట్టింది. ఇవాళ నేను చెప్పబోయే కథలు అమెరికావి కొన్ని, బ్రెజిల్‌ది ఒకటి, మన హైదరాబాదుది ఒకటి. వాటిలో చాలావాటిలో జరిగింది ఇదే.

శాస్త్రరంగంలో లారీ మొదటి పిల్లి కూడా కాదు. 1975లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో జాక్ హెదరింగ్టన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒంటరిగా ఒక పేపరు రాశాడు. పొడుగునా 'మేము గమనించాం, మేము లెక్కించాం' అని రాసేశాడు. రచయిత ఒక్కడే ఉంటే 'మేము' అనడం ఆ పత్రికవాళ్ళు ఒప్పుకోరని మిత్రుడొకరు చెప్పాడు. అవి టైపు మిషను రోజులు. ఒక్క మాట మార్చాలన్నా పేజీలకు పేజీలు మళ్ళీ కొట్టాలి. అంత ఓపిక ఎవరికి? ఇంట్లో చెస్టర్ అనే సయామీ పిల్లి ఉంది. దానికి ఎఫ్.డి.సి. విల్లర్డ్ అని దర్జాగా పేరు పెట్టి రెండో రచయితను చేశాడు. ఫిజికల్ రివ్యూ లెటర్స్ లాంటి పెద్ద పత్రికలో అది అచ్చయింది.

చెస్టర్‌ను చూస్తే నాకు కోపం రాదు. ఎందుకంటే పేరు అబద్ధమే గానీ పేపరు నిజం. ఘనరూపంలో ఉన్న హీలియం గురించి నిజమైన భౌతికశాస్త్రం. చదివినవాళ్ళు, ఉపయోగపడిందనిపించి ప్రస్తావించారు. లారీ సంగతి తలకిందులు. లెక్క ఉంది, పేపరు లేదు. రెండు పిల్లుల మధ్య గడిచింది దాదాపు 50 ఏళ్ళు. ఆ మధ్యకాలంలో ఏం జరిగిందో చూద్దాం.

ఈ లెక్కల వ్యవహారం మొదలైనప్పుడు ఉద్దేశం మంచిదే. ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్‌ఫీల్డ్ అనే ఆయన 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అనే పెద్ద సూచిక తెచ్చాడు. ఎవరు ఎవరిని ప్రస్తావించారో చెప్పే పట్టిక అది. ఒక ఆలోచన ఎక్కడ పుట్టింది, దాన్ని ఆ తర్వాత ఎవరెవరు అందుకున్నారు అని వెతికేవాళ్ళకు దారి చూపేది. లైబ్రేరియన్లకు ఇంకో ఉపయోగం. ఉన్న కాస్త డబ్బుతో ఏ పత్రికలు తెప్పించాలి? దానికోసమే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే సగటు. ఒక పత్రికలో గత రెండేళ్ళలో వచ్చిన వ్యాసాలను ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ప్రస్తావించారు? అంతే. బీరువాలో ఏ పత్రిక ఉండాలో తేల్చడానికి పుట్టిన అంకెను, తర్వాత తర్వాత కుర్చీలో ఏ మనిషి ఉండాలో తేల్చడానికి వాడారు.

సగటు ఎంత చిత్రమైనదో చెబుతాను. ఆక్టా క్రిస్టలోగ్రఫికా అని స్ఫటికాల శాస్త్రానికి ఒక పత్రిక ఉంది. అందులో ఒక విభాగం ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2 చుట్టూ ఉండేది. 2009లో అది దాదాపు 50కి ఎగిరింది. మోసమేమీ లేదు. జార్జ్ షెల్డ్రిక్ అనే, జర్మనీలో పనిచేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త, స్ఫటికాల నిర్మాణం తేల్చే తన సాఫ్ట్‌వేర్ గురించి అంతకుముందు ఏడాది అందులో ఒక్క వ్యాసం రాశాడు. ఆ సాఫ్ట్‌వేర్ వాడే ప్రతివాళ్ళూ ఆ వ్యాసాన్ని ప్రస్తావించారు. ఒక్క వ్యాసం! మరి అదే సంచికల్లో అచ్చయిన మిగతా వ్యాసాల విలువ రాత్రికి రాత్రి ఇరవై అయిదు రెట్లు పెరిగిందా? పెరగలేదు. కానీ వాటి రచయితలు బయోడేటాలో ఆ 50 వేసుకుంటే కాదనేవాళ్ళు లేరు.

2005లో ఇంకో అంకె వచ్చింది, హెచ్ ఇండెక్స్. హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. మీ పేపర్లలో పదింటిని ఒక్కోదాన్నీ కనీసం పదిసార్లు ప్రస్తావించారనుకోండి, మీ హెచ్ ఇండెక్స్ 10. మనిషి మొత్తాన్ని ఒక్క అంకెలో కుదించేయొచ్చు. ఇంటర్వ్యూ బోర్డులకు ఇంతకన్నా హాయి ఏముంటుంది? పేపర్లు చదవనక్కర్లేదు. అంకె చూసి పెద్దది చిన్నది చెప్పొచ్చు. చదవాల్సిన పని తప్పిందండి. తంటా అక్కడే మొదలైంది.

అంకెకు జీతం ముడిపడగానే మనుషులు పరిశోధనను వదిలి అంకెను తయారుచేయడం మొదలుపెట్టారు.

బ్రెజిల్ సంగతి వినండి. అక్కడి ప్రభుత్వం పీజీ, పీహెచ్‌డీ కోర్సులకు గ్రేడులిచ్చేటప్పుడు, అధ్యాపకులు రాసే పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసేది. స్థానిక పత్రికలకు ఆ అంకె తక్కువ. అందుకని అక్కడ రాసేవాళ్ళు తగ్గిపోయారు. నాలుగు పత్రికల సంపాదకులు కూడబలుక్కున్నారు. నీ పత్రికలో నా వ్యాసాలను ప్రస్తావించు, నా పత్రికలో నీ వ్యాసాలను ప్రస్తావిస్తాను. మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం ఉంటుంది చూడండి. వాళ్ళు మనింటి పెళ్ళికి 1,116 రాయించారు, కాబట్టి మనమూ వాళ్ళింటి పెళ్ళికి 1,116 రాయించాలి. సరిగ్గా ఆ పద్ధతి. 2013లో ఇది రచ్చకెక్కి, ఆ పత్రికలను సూచిక నుంచి కొన్నాళ్ళు పక్కన పెట్టారు. ఆ సంపాదకుల్లో కొందరు దుర్మార్గులేమీ కారు. తమ దేశంలో నడిచే పత్రిక చచ్చిపోకూడదనే ఆరాటం కూడా అందులో ఉంది. తప్పు తప్పే. కానీ ఆ తప్పుకు దారి వేసినవాళ్ళు గ్రేడులిచ్చే కార్యాలయంలో ఉన్నారు.

ఇక మన ఊరికి వద్దాం. హైదరాబాదు. ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ ఇక్కడినుంచి వందల కొద్దీ పరిశోధన పత్రికలు నడిపింది. రాసినవాళ్ళే డబ్బు కట్టే పద్ధతి. ఆ పద్ధతిలోనే తప్పుందని కాదు, నిక్కచ్చిగా నడిచే పత్రికలూ అలా తీసుకుంటాయి. కానీ ఈ సంస్థ మీద అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. ఆరోపణలేమిటంటే, నిపుణులు పరిశీలించారని చెబుతారు, పరిశీలన పేరుకే. ఫీజు సంగతి ముందు చెప్పరు, పేపరు తీసుకున్నాక బిల్లు పంపుతారు. వద్దు, నా పేపరు నాకిచ్చేయండి అంటే ఇవ్వరు. పెద్దపెద్ద శాస్త్రవేత్తల పేర్లు వాళ్ళకు తెలియకుండానే సంపాదకవర్గంలో వేసుకుంటారు. 2019లో అమెరికా న్యాయస్థానం కమిషన్ వైపే తీర్పు చెప్పింది. 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. అప్పటి మారకంలో అది దాదాపు 350 కోట్ల రూపాయలు.

ఇలాంటి ప్రచురణకర్తల జాబితా మొదట తయారుచేసి లోకానికి చెప్పింది ఎవరో తెలుసా? ఒక లైబ్రేరియన్. అప్పట్లో కొలరాడోలో పనిచేసిన జెఫ్రీ బీల్. అతను చేసిన ఘనకార్యం, వచ్చిన ఈమెయిళ్ళను, పత్రికలను తెరిచి చదవడం. ఆ జాబితాలో తమ పేరు చేర్చినందుకు ఓమిక్స్ తరఫు వకీలు 2013లో వంద కోట్ల డాలర్ల దావా వేస్తామని బెదిరించారు. జాబితా మీద విమర్శలూ వచ్చాయి, కొన్ని న్యాయమైనవే. పేదదేశాల చిన్న పత్రికలను తొందరపడి చేర్చాడన్నారు. అయినా తెరిచి చూశాడు కదా, ఆ మాత్రం పనిని అప్పటిదాకా ఎవరూ పూనుకుని చేయలేదు.

అదే 2013లో జాన్ బొహానన్ అనే విలేకరి ఒక పరీక్ష పెట్టాడు. క్యాన్సర్ కణాలను చంపే పదార్థం దొరికిందని ఒక కల్లబొల్లి పేపరు రాశాడు. ఇంటర్ కెమిస్ట్రీ సరిగా చదివినవాళ్ళు కూడా పట్టుకోగలిగిన తప్పులు కావాలనే అందులో పెట్టాడు. లేని శాస్త్రవేత్త, లేని సంస్థ. దాన్ని 300కు పైగా పత్రికలకు పంపాడు. సగానికి పైగా అచ్చేస్తామన్నాయి. ఎందుకన్నాయి? మళ్ళీ అదే మాట. చాలాచోట్ల ఎవరూ చదవలేదు.

మరి ఇలాంటి పత్రికలకు డబ్బు కట్టేవాళ్ళు ఎవరు? వాళ్ళందరినీ దొంగలనడం సులువు. నేననలేను. ఒక్కసారి ఊహించండి. జిల్లా కేంద్రంలో ఒక డిగ్రీ కాలేజీ. అందులో కెమిస్ట్రీ చెప్పే ఒక మేడమ్. పొద్దున్న క్లాసులు, మధ్యాహ్నం ల్యాబు. కాలేజీకి గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తోందంటే ఫైళ్ళు సర్దాలి. పరీక్షలు కాగానే వాల్యుయేషన్ డ్యూటీ. ల్యాబులో ఉన్న తూనికయంత్రం పాడై రిపేరుకు నోచుకోలేదు. ఆమెకు ప్రమోషన్ రావాలి. ఫైలులో పేపర్లు ఉండాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం యూజీసీ 2010లో ఏపీఐ స్కోరు అని పాయింట్ల పద్ధతి తెచ్చింది. పేపరుకిన్ని, పుస్తకానికిన్ని, సెమినారుకిన్ని. అంతలో వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. మూడు రోజుల్లో ఆమోదం, సర్టిఫికెట్ సహా, ఫీజు కొన్ని వేలు. ఆవిడ ఏం చేయాలంటారు?

పాఠం చక్కగా చెప్పినందుకు ఆ ఫైలులో వేసే కాగితం ఏదీ లేదు. ఒక పిల్లవాడికి రసాయనశాస్త్రం మీద ఇష్టం పుట్టించినందుకు పాయింటు లేదు. పేపరుకు ఉంది. అందుకే స్టాఫ్ రూముల్లో పలకరింపే మారిపోయింది. 'ఏం పరిశోధన చేస్తున్నారు?' అని ఎవరూ అడగరు. 'స్కోపస్ ఉందా సార్?' అంటారు. అంటే స్కోపస్ జాబితాలోని పత్రికలో పడిందా అని. ఏం రాశారన్నది రెండో ప్రశ్న కూడా కాదు.

యూజీసీ కళ్ళు మూసుకుని కూర్చుందని కూడా అనలేం. తను ఆమోదించిన జాబితా నుంచే 2018లో 4,000కు పైగా పత్రికలను తొలగించింది. పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వడానికి ముందు పేపరు అచ్చు కావాల్సిందే అన్న నిబంధనను 2022లో ఎత్తేసింది. నా లెక్కలో ఇది మంచి పని. పాతికేళ్ళ పిల్లలను ఆ బజారులోకి తరిమింది ఆ నిబంధనే.

డబ్బు కట్టి అచ్చేయించుకోవడం పాతపద్ధతి. ఇంకో అడుగు వేసినవాళ్ళున్నారు. ఎవరిదో పేపరు తీసుకుని, మాటలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేస్తారు. కాపీ అని యంత్రం పట్టుకోకుండా. ఆ సాఫ్ట్‌వేర్‌కు శాస్త్రం తెలియదు, పర్యాయపదాలే తెలుసు. 2021లో ఫ్రాన్స్‌కు చెందిన గియోమ్ కబనాక్, సిరిల్ లబ్బే, వాళ్ళతో అలెగ్జాండర్ మగజినోవ్ కలిసి ఇలాంటి పేపర్లను కుప్పలు కుప్పలుగా బయటపెట్టారు. ఆ పేపర్లు ఎలా ఉంటాయో తెలుగులో చెబితే ఇలా ఉంటుంది. కృత్రిమ మేధ అనాల్సిన చోట 'నకిలీ చైతన్యం'. రొమ్ము క్యాన్సర్ అనాల్సిన చోట 'ఎద ఆపద'. నవ్వొస్తోందా? ఆ ఎద ఆపద పేపర్లు పేరున్న ప్రచురణకర్తల పత్రికల్లోనే వచ్చాయి. రచయిత చదవలేదు, పరిశీలకుడు చదవలేదు, సంపాదకుడు చదవలేదు. ముగ్గురిలో ఒక్కరు చదివినా ఆ మాట దగ్గర ఆగేవారు.

2023 వచ్చేసరికి విషయం ముదిరింది. వైలీ అనే పెద్ద ప్రచురణ సంస్థ, తాను కొన్న హిందావీ అనే సంస్థ పత్రికల నుంచి ఒక్క ఏడాదిలో 8,000కు పైగా పేపర్లు వెనక్కి తీసుకుంది. వాటిలో చాలావాటి వెనక ఉన్నవి పేపర్ మిల్లులు. కాగితం మిల్లులు కాదండోయ్. పరిశోధన పేపర్లను తయారుచేసి, రచయితల స్థానాలను అమ్ముకునే దుకాణాలు. మొదటి పేరుకు ఒక ధర, మూడో పేరుకు ఒక ధర.

ఎవరో ప్రమోషన్ కోసం ఏదో రాసుకుంటే మనకేం నష్టం అంటారా? వైద్యంలో చూడండి. జర్మనీలో యోఆకిమ్ బోల్ట్ అని మత్తుమందు వైద్యుడు. శస్త్రచికిత్సలప్పుడు సెలైన్‌లా ఎక్కించే స్టార్చ్ ద్రవం మీద ఆయన కుప్పలుగా పేపర్లు రాశాడు. ఆ రంగంలో పెద్ద పేరు. అంకెల కోసమే రాశాడని నేననను, అది ఆయనకే తెలియాలి. కానీ పేపర్ల సంఖ్యే ఆయనకు కవచమైంది. 2009లో ఒక పేపరు అచ్చయ్యాక కొందరు పాఠకులు పత్రికకు ఉత్తరాలు రాశారు. ఈ అంకెలు మరీ పొందికగా ఉన్నాయేమిటి, నిజమైన రోగుల రక్తపరీక్షలు ఇంత ఒద్దికగా ఉండవే అని. విచారణ జరిగింది. పేపర్లు ఒకదాని వెంట ఒకటి రద్దయ్యాయి. 2013లో కెనడా పరిశోధకులు ఆయన ఫలితాలను పక్కనపెట్టి మిగతా పరిశోధనలన్నీ కలిపి చూశారు. ప్రాణాపాయ స్థితిలో ఉన్న రోగులకు ఆ ద్రవం వాడితే మరణాలు, మూత్రపిండాల దెబ్బ ఎక్కువని తేలింది. ఆయన పేపర్లు కలిపినంతకాలం ఆ ప్రమాదం తేటగా కనిపించలేదు.

పట్టుకున్నది ఎవరు? ఏ ఇండెక్సూ కాదు. ఆ పేపరులోని పట్టికల ముందు కూర్చుని ఒక్కో అంకె చదివినవాళ్ళు.

చదవడం వల్ల ఏం జరుగుతుందో మనవాడి కథతో చెబుతాను. కల్యంపూడి రాధాకృష్ణారావు, సి.ఆర్. రావు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బడుల్లో చదివి, ఆంధ్రా యూనివర్సిటీలో గణితంలో పీజీ చేసినవారు. కలకత్తాలో పాఠం చెబుతున్న రోజులు. అంచనాలో దొర్లే తప్పు ఇంతకన్నా తగ్గదు అని ఒక హద్దు ఉంది, పెద్ద నమూనాలకు అది వర్తిస్తుంది అని క్లాసులో చెబుతున్నారు. వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి లేచి, చిన్న నమూనాలకు కూడా అలాంటిది ఉందా అని అడిగాడు. ఆ రాత్రి కూర్చుని రావుగారు దాని అంతు తేల్చారు. అది 1945లో కలకత్తా మ్యాథమేటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చింది. అప్పటికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పుట్టనేలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాదిలో, కలకత్తాలో అచ్చయిన ఆ పత్రిక ఎంతమందికి చేరుతుంది? చేరినవాళ్ళు చదివారు. క్రామర్–రావు హద్దు అని ఇవాళ రాడార్ల దగ్గర పనిచేసేవాళ్ళు కూడా వాడుకుంటారు. 2023లో, 102 ఏళ్ళ వయసులో, ఆయనకు సంఖ్యాశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ఇచ్చారు. ఆ 1945 నాటి పేపరును పేరు పెట్టి చెప్పి మరీ ఇచ్చారు. ఆ బులెటిన్ పట్టుకుని కుర్ర రావుగారు ఇవాళ ఒక సెలక్షన్ కమిటీ ముందు కూర్చుంటే, మొదటి ప్రశ్న ఏమిటో మీరే ఊహించండి.

మార్గం లేదా అంటే, కొందరు వెతుకుతున్నారు. జర్మనీలో పరిశోధనలకు నిధులిచ్చే పెద్ద సంస్థ 2010లో పెట్టిన నియమం ఒకటి ఉండేది. మీ బయోడేటాలో అయిదు పేపర్లకు మించి రాయొద్దు. మీరు రెండు వందలు రాసి ఉండొచ్చు, సంతోషం. అయిదే చూపించండి. అయిదైతే బోర్డులో కూర్చున్నవాళ్ళు చదవక తప్పదు. చదవలేదంటే పక్కనున్నవాళ్ళ ముందు తెలిసిపోతుంది. మన దగ్గర ఒక పోస్టుకు వందల దరఖాస్తులు వస్తాయి, అన్నీ ఎవరు చదువుతారు అంటారు. నిజమే. తొలి వడపోతకు అంకె వాడుకోండి, కాదనను. చివర మిగిలిన పదిమంది దగ్గరికి వచ్చినప్పుడైనా అంకె పక్కన పెట్టి పేపరు తెరవొచ్చు కదా. పదిమంది, యాభై పేపర్లు. ముగ్గురు నిపుణులకు రెండు మూడు రోజుల పని. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పబోయే మనిషిని ఎంచుకోవడానికి ఆ మాత్రం ఎక్కువా?

మీ ఇంట్లో పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలుంటే వాళ్ళకు ఒక మాట చెప్పండి. మూడు రోజుల్లో అచ్చేస్తామని మెసేజ్ వస్తే తొందరపడి డబ్బు కట్టొద్దు. ఆ పత్రిక సంపాదకవర్గంలో ఒక పేరు చూడమనండి. ఆ ప్రొఫెసరు పనిచేసే యూనివర్సిటీ వెబ్‌సైటులో ఆయన ఈమెయిలు ఉంటుంది. 'అయ్యా, ఈ పత్రికతో మీకు సంబంధం ఉందా?' అని రెండు లైన్లు రాయమనండి. ఆ పత్రికలో పోయిన నెల వచ్చిన పేపరొకటి తీసి మొదటి రెండు పేజీలు చదవమనండి. ఎద ఆపద లాంటిది కనిపిస్తే అక్కడితో ఆపేయొచ్చు.